ఏ షిఫ్టు, బి షిఫ్టు, రెండు జడలు

మాది విశాఖపట్నంలో గాజువాక. దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేస్తున్నాను. మెషిన్లు ఆగకూడదు కాబట్టి మూడు షిఫ్టులు. ఏ షిఫ్టు పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10 దాకా, సి షిఫ్టు రాత్రి 10 నుంచి తెల్లవారి 6 దాకా. వారం వారం మారుతుంటాయి. మా ఇంట్లో క్యాలెండరు చూసేది తిథి కోసమో వర్జ్యం కోసమో కాదు, ఈ వారం నాన్నది ఏ షిఫ్టో తెలుసుకోవడానికి. నెల మొదట్లోనే మా ఆవిడ ఎర్ర పెన్నుతో గళ్లలో రాసేస్తుంది. పైన షిఫ్టు, కింద పాల లెక్క.

మాకు ఇద్దరు పిల్లలు. నేను చెప్పబోయే సంగతులు మొదలైనప్పుడు పెద్దది ఒకటో తరగతి, చిన్నోడికి రెండేళ్లు దాటాయి. షిఫ్టు డ్యూటీ ఇళ్లలో ఉన్న చిక్కేమిటంటే, నాన్న సెలవూ పిల్లల సెలవూ ఒకే రోజు రావడం గగనం. వాళ్లకి ఆదివారం, నాకు మంగళవారం. ఏదో ఒక ఆదివారం నా ఆఫ్ కలిసిందంటే ఇక దాన్ని పిండేయాలి. ఆర్కే బీచ్, కైలాసగిరి మీద బొమ్మ రైలు, మాల్‌లో ఆటలు, ఎక్కడికో అక్కడికి వెళ్లి తీరాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "బావా, పిల్లలతో క్వాలిటీ టైమ్ గడపాలి" అంటుంటాడు. నా దగ్గర మామూలు టైమే లేదు, ఇక క్వాలిటీ ఎక్కడినుంచి తెచ్చేది!

అలాంటి ఒక ఆదివారం జూకి వెళ్లాం. ఊరికి ఈ చివర మేము, ఆ చివర ఇందిరాగాంధీ జూ పార్కు. అది 1977 నుంచి ఉంది, 600 ఎకరాల పైమాటే. చిన్నప్పుడు శ్రీకాకుళం నుంచి స్కూలు వాళ్లు బస్సులో తీసుకొస్తే నేనూ చూశాను. ఆ రోజు ఎండ మండిపోతోంది. చిన్నోడు పులి దగ్గర నిద్రపోయాడు, ఏనుగు దగ్గర లేచి ఏడుపు అందుకున్నాడు. సగం దూరంలో నా చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పు, రెండో కాలికి లేదు. కాలే తారు మీద గెంతుకుంటూ, చంకలో పిల్లాడితో, నీడ కోసం చెట్టు నుంచి చెట్టుకి పరుగు.

రాత్రి ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "ఏటే అమ్మా, ఏటేటి చూసినావు? పులిని చూసినావా?" అని మనవరాలిని అడిగింది. పెద్దది ఊపిరి తీసుకోకుండా చెప్పిన జవాబు ఇది: "మామ్మా, నాన్న చెప్పు తెగిపోయింది! ఇలా, ఇలా గెంతాడు!" ఫోన్ పడేసి గదంతా గెంతి చూపించింది. తమ్ముణ్నీ గెంతించింది. పులి ఊసే రాలేదు. టికెట్లు, పెట్రోలు, ఐస్‌క్రీములు కలిపి చూసుకుంటే ఆ చెప్పు చాలా ఖరీదైంది.

ఆ రాత్రి మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒక మాట అంది. "మీరు ఇంటికి చుట్టంలా వస్తున్నారండీ. చుట్టం వస్తే పిల్లలకి సంబరమే. చుట్టం వెళ్లాక గిన్నెలు కడిగేది నేను." కోపంగా అనలేదు. మడత ఆపకుండానే అంది. కాసేపాగి, "వీళ్లని ఎక్కడికీ తిప్పక్కర్లేదు. వీళ్ల పని ఏదైనా ఒకటి తీసుకోండి. సగం కాదు, మొత్తం" అంది.

సగం కాదు, మొత్తం అన్న దాంట్లోనే ఉంది కిటుకంతా. అప్పటిదాకా నేనూ పనులు చేసేవాణ్నే. కానీ నూనె సీసా ఎక్కడుందో అడిగి, తువ్వాలు అందివ్వమని పిలిచి, మధ్యలో వదిలేసి వెళ్లే రకం.

బి షిఫ్టు వారంలో పొద్దున్నపూట నేను ఇంట్లోనే ఉంటాను. ఆ గంటలోనే వంటగదిలో టిఫిన్, క్యారేజీ, పాలు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. చిన్నోడు ఆవిడ కాళ్లకి చుట్టుకుని ఉంటాడు. అందుకని నాకు పెద్దదాని జడలు అప్పగించింది. స్కూలుకి రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టి పంపాలి. ఆటో 8 గంటలకి వచ్చేస్తుంది.

నేర్చుకోవడానికి మా ఆవిడ పాత చున్నీ ఒకదాన్ని మూడు పేలికలుగా చింపి కిటికీ ఊచకి కట్టింది. సాయంత్రాలు దాని ముందు నిలబడి అల్లేవాణ్ని. పక్కింటి పిన్నిగారు కిటికీ లోంచి చూసి ఏమనుకున్నారో ఏమో, అడగలేదు. పేలికలతో రెండు రోజుల్లో చెయ్యి తిరిగింది. జుట్టుతో వ్యవహారం వేరు. పేలికకి చిక్కు పడదు, పేలిక "అమ్మా" అని అరవదు. చిక్కు తీసేటప్పుడు కుదుళ్ల దగ్గర నుంచి దువ్వకూడదట. పైన జుట్టుని పిడికిట్లో పట్టుకుని, చివర్ల నుంచి కొంచెం కొంచెంగా పైకి రావాలి. అప్పుడు లాగినా మాడుకి తెలియదు. కొబ్బరినూనె రెండు అరచేతులకీ రాసుకుని అద్దాలి తప్ప పోయకూడదు, పోస్తే యూనిఫాం కాలరు పాడవుతుంది. పాపిడి అన్నిటికంటే కష్టం. నుదుటి మధ్య నుంచి మెడ దాకా తిన్నగా రావాలి. నాది మొదట్లో మా సింహాచలం ఘాట్ రోడ్డులా వచ్చేది. బోల్టు ఎంత బిగించాలో మా దగ్గర లెక్క ఉంటుంది. జడ పాయలకి ఆ లెక్క లేదు. పెద్దది చెప్పాలి. "గట్టిగా ఉంది నాన్నా, కళ్లు లాగుతున్నాయి" అంటుంది. వదిలితే "ఆటోలోనే ఊడిపోద్ది" అంటుంది.

నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని "స్కూల్లో ఏం జరిగిందమ్మా?" అని అడిగితే "ఏం లేదు" అనే పిల్ల, వీపు నా వైపు పెట్టుకుని కూర్చున్న పది నిమిషాల్లో ఊరంతా చెప్పేస్తుంది. నా ముఖం కనబడదు కదా, అందుకనుకుంటా. పక్క బెంచీ అమ్మాయి రబ్బరు తీసుకుని ఇవ్వలేదు. ఆయా ఎవరికో అన్నం కలిపి పెట్టింది. చీమలకి సెలవులు ఉంటాయా? ఒకరోజు అడిగింది, "నాన్నా, నువ్వు రాత్రి ఎందుకు పని చేస్తావు?" మెషిన్ని ఆపకూడదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం అన్నాను. కొంచెం ఆలోచించి, "దానికి నిద్ర రాదా?" అంది. రాదన్నాను. "పాపం" అంది. పదేళ్ల సర్వీసులో మా మెషిన్ని చూసి పాపం అన్నది ఆ పిల్ల ఒక్కతే.

జడల పని మొత్తం నాదే అన్నాక దాంతో పాటు వచ్చేవన్నీ నావే. నూనె అంటిన దిండు గలీబులు ఉతకడం, రిబ్బన్లు ఇస్త్రీ చేయడం, రబ్బరు బ్యాండ్లు అయిపోకముందే తేవడం. ఆ తర్వాత పేలు. స్కూలు మొదలైన నెలకల్లా తలనిండా పేలు తెచ్చుకుంది. తెల్ల తువ్వాలు పరిచి, తల వంచి కూర్చోబెట్టి, పేల దువ్వెనతో దువ్వుతుంటే ఒక్కొక్కటీ రాలేది. అసహ్యపడాల్సిన చోట ఆ ఇద్దరికీ పండగ. ఎవరి కంట ముందు పడితే వాళ్లదే పేను. చిన్నోడికి అంకెలు రావు, కాబట్టి వాడికి అన్నీ "రెండే". పేలు పోయాక కూడా కొన్నాళ్లు వాడు తువ్వాలు పరిచి, తల వంచి, "రెండు చూడు" అని కూర్చునేవాడు. వాడి తలలో ఒక్కటి లేదు. అయినా చూడాలి.

బి షిఫ్టుకి రెండో వైపు రాత్రి. నేను వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. పెద్దది మొదట్లో నిద్రపోకుండా కాచుకునేది. అక్క లేచి ఉంటే తమ్ముడు పడుకోడు. మర్నాడు ఇద్దరినీ లేపడం ఒక యుద్ధం. జ్వరం వచ్చి పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే ఆవిడ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క చెప్పారు. ఒకటి రెండేళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు, పగటి కునుకు కలుపుకొని. రెండేళ్లు దాటిన పిల్లలకి టీవీ, ఫోను రోజుకి గంట మించకూడదని కూడా అందులోనే ఉందట. పెద్దదానికి కూడా పది గంటలకి తగ్గకుండా చూడమన్నారు. నా కోసం కాచుకోవడం కుదరదని తేలిపోయింది.

దానికి మందు పెద్దదే కనిపెట్టింది. నాకు పళ్లెంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచుతారు. ఒకరోజు మూత మీద ఒక చింతగింజ ఉంది, దాని కింద కాగితం. "నాన అనం తిను" అని రాసింది. అప్పటికి వాళ్లకి ఇంకా ఒత్తులు చెప్పలేదు. కాగితం వెనక నేను పెన్నుతో ఒక పిల్లిని గీసి పెద్దదాని పలక కింద పెట్టి పడుకున్నాను. మర్నాడు మూత మీద సగం కొరికిన బిస్కెట్. ఆ సగం ఎవరు తిన్నారో చెప్పక్కర్లేదు. అప్పటినుంచి ఇది సాగుతూనే ఉంది. కొబ్బరి చిప్ప ముక్క, విరిగిన గాజు, చాక్లెట్ కాగితంతో చేసిన బొమ్మ. నేనేం పెడతానా అని పొద్దున్న లేవగానే పలక దగ్గరికి పరుగెడుతుందని మా ఆవిడ చెప్పింది. నాకు పిల్లి, చేప తప్ప బొమ్మలు రావు. ఆ రెండిటితోనే చాలాకాలం నెట్టుకొచ్చాను. చివరికి "చేప చాలు" అని రాసి పెట్టింది, అప్పటికి గుణింతాలన్నీ వచ్చేశాయి.

ఏ షిఫ్టు వారం గురించి చెప్పడానికి అంత లేదు. నేను వెళ్లేటప్పటికి పిల్లలు నిద్రలో ఉంటారు. వచ్చేసరికి మూడు అవుతుంది, ఒళ్లు హూనం. అరగంట నడుం వాల్చి లేస్తే నాలుగింటికి పెద్దది వస్తుంది. అప్పుడు రాత్రి కూర పని నాది. రైతుబజార్లో చిక్కుడుకాయలు కనబడితే తెచ్చేస్తాను. ఎందుకంటే ఈనెలు తీయడం పిల్లలు చేయగల పని. వరండాలో చాప వేసుకుని కూర్చుంటాం. పెద్దది ఈనె తెగకుండా చివరి దాకా లాగాలని పంతం పడుతుంది. చిన్నోడు ఈనెల్ని గిన్నెలో, కాయల్ని చెత్తలో వేస్తాడు. నేను మళ్లీ చెత్తలోంచి ఏరతాను. పావుగంటలో అయిపోయే పని ముప్పావు గంట పడుతుంది. తొందర ఉన్నరోజు ఈ పని పెట్టుకోకూడదు. పెట్టుకుంటే నేను విసుక్కుంటాను, వాడు ఏడుస్తాడు, కూర మాడుతుంది. తొందర ఉంటే వంకాయలే నయం.

సి షిఫ్టు అంటే అందరికీ భయం. నాకు మాత్రం ఇప్పుడు అదే ఇష్టం, చిన్నోడి వల్ల. నేను ఆరున్నర దాటి ఇంటికి చేరే వేళకి వాడు లేస్తాడు. వాడి ముఖం కడిగి, పాలు తాగించే పని నాది. తాగించేది మెట్ల మీద కూర్చుని. ఎందుకంటే కాసేపట్లో చెత్త బండి వస్తుంది. మైకులో పాట దూరం నుంచి వినబడగానే పాల గ్లాసు నా చేతిలో పెట్టేసి, బుట్ట అంచు పట్టుకుని నిలబడతాడు. బుట్ట బరువు నేను మోస్తాను, కానీ మోసేది వాడే. బండి మీద వచ్చే ఆవిడ "ఏరా అల్లుడూ, ఏటి తెచ్చినావు ఇయాల?" అంటుంది. వాడు పెద్ద బహుమతి ఇస్తున్నట్టు బుట్ట చూపిస్తాడు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మాకు ఎన్నిసార్లు చెప్పినా రాని అలవాటు ఈ వ్యవహారంతో వచ్చింది. అల్లుడు కలిపేసి తెస్తే అత్త ఊరుకోదు మరి.

ఆ తర్వాత నేను పడుకోవాలి. పిల్లలున్న ఇంట్లో పగటి నిద్ర ఎలా ఉంటుందో సి షిఫ్టు చేసేవాళ్లకే తెలుసు. తలుపు మూసినా వాడు వస్తాడు. మా ఆవిడ "నాన్న బజ్జున్నారు, శబ్దం చేయకు" అని చెప్పి ఉంటుంది కాబట్టి శబ్దం చేయడు. చడీచప్పుడు లేకుండా వేలితో నా కనురెప్ప పైకెత్తి లోపల ఉన్నానో లేదో చూసుకుంటాడు. ఉన్నానని తేలాక, "పడుకో" అని భుజం తట్టి వెళ్లిపోతాడు. నిద్ర పాడైపోతుంది, నిజమే. ఆ కాసేపు చిరాకు కూడా వస్తుంది. మళ్లీ పడుకున్నాక నవ్వొస్తుంది.

కిందటి భోగికి నాకు సి షిఫ్టే పడింది. అంతకుముందు అయితే పండగ పోయిందనే బాధపడేవాణ్ని. ఈసారి సాయంత్రం ఐదింటికే భోగిపళ్లు పెట్టుకున్నాం. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, రూపాయి బిళ్లలు కలిపి చిన్నోడి తల మీద పోస్తుంటే వాడు కదలకుండా కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు మాత్రం పెద్దగా తెరిచాడు. ఏదో ఒకటి పడుతుందని ఆశ. రూపాయి బిళ్ల పడుతుందేమోనని మా అమ్మ కేకలు. పోసినవి ఏరుకోవడంలో పెద్దది వాడికి రూపాయి బిళ్లలన్నీ ఇచ్చేసి రేగుపళ్లు తను ఉంచుకుంది. ఎందుకే అంటే, "వాడు పళ్లు గింజలతో మింగేస్తాడు నాన్నా" అంది. బిళ్లలు కూడా మింగుతాడని దానికి తట్టలేదు, మేము వెనకాలే పడి లాక్కున్నాం. తొమ్మిదింటికి డ్యూటీ బస్సు ఎక్కినప్పుడు నా చొక్కా జేబులో శనగలు ఉన్నాయి. వాడే వేశాడు. టీ బ్రేక్‌లో నలుగురం పంచుకుని తిన్నాం.

ఇదంతా చదివి మా ఇంట్లో ఎప్పుడూ కిలకిలలే అనుకోవద్దు. పొద్దున్న షూ ఒకటి కనబడక ఆటో హారన్ కొడుతుంటే నేనూ అరుస్తాను. ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ చెంచా కోసం జుట్లు పట్టుకుంటారు, ఇంట్లో అలాంటివే ఇంకో అయిదు ఉంటాయి. నెలాఖరులో ఓటీ, అంటే షిఫ్టు మీద అదనపు డ్యూటీ, దొరికితే చేయక తప్పదు. ఆ వారం పళ్లెం మీద కాగితం ఉన్నా నేను బదులు రాయకుండా పడిపోతాను. మా ఆవిడకి ఆఫ్ అన్నదే లేదని కూడా తెలుసు. జడలు, కూర, చెత్త బుట్ట నావైతే మిగతా ఇల్లంతా ఆవిడదే. ఈమధ్య నా ఆఫ్ రోజున మధ్యాహ్నం రెండు గంటలు ఆవిడ తలుపు వేసుకుని పడుకుంటుంది. పిల్లలు ఏం అడిగినా లేపకుండా చూడటం నా పని. అడిగి చూశాను, ఆవిడ లెక్కలో అన్నిటికంటే పెద్ద ఆనందం అదేనట.

జూకి మాత్రం మళ్లీ వెళ్లాం, పెద్దది అడిగిందని. ఈసారి ఒక్క ఏనుగు దగ్గరే చాపేసుకున్నట్టు చాలాసేపు కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేశాం. మా అమ్మ ఫోన్ చేస్తే, పిల్ల నా చెప్పులు ఈసారి బాగానే ఉన్నాయని కొంచెం నిరాశగా చెప్పింది.

ఇప్పుడు అది రెండో తరగతి. జడ చివర తనే అల్లుకుంటానంటోంది. చిన్నోడికేమో తనకి కూడా జడ కావాలట. వాడి జుట్టు రెండంగుళాలు లేదు, అయినా రోజూ వరసలో కూర్చుంటాడు. ఒక రబ్బరు బ్యాండు పెట్టి పిలక కడితే లేచి వెళ్తాడు. వచ్చేది బి షిఫ్టు వారం. అదే వారంలో స్కూల్లో వార్షికోత్సవం, పెద్దదానికి డాన్సు. దానికి రెండు జడలు పనికిరావట, కొప్పు వేసి పూలు చుట్టాలట. చున్నీ పేలికలు ఇంకా కిటికీకే ఉన్నాయి గానీ, వాటితో కొప్పు ఎలా వస్తుందో మా ఆవిడని అడగాలి.